గుంజ అవతలి చోటు

పందిరి గుంజకు తోలుపట్టీతో వేలాడదీసిన రేడియోకు చెవి ఆనించి, వడ్డె మంగు మీట తిప్పుతూ గరగరల మధ్య ఒక గొంతు కోసం వెతుకుతున్నంతసేపూ, లలిత మోకాళ్ళను చేతులతో బిగించి చుట్టుకొని, ఆ గొంతు దొరకకుండా పోతే ఎంత బాగుండును అని కోరుకుంటూ కూర్చుంది. బాటరీలు నీరసించవచ్చు. గాలి ఎదురు తిరగవచ్చు. కొండల మీద ఎక్కడో ఉరుము పుట్టి ఆ గరగర ఇంకా పెరిగి... వద్దు, ఉరుము మాట వద్దు, ఇదంతా మొదలైంది ఆ ఉరుముల రోజునే కదా. ఊరి తల్లికి పూజ చేసే మనిషి, వేళ్ళ కణుపులు వేరుముక్కల్లా గట్టిపడిన మనిషి, పసిబిడ్డ చెవి పట్టుకున్నంత మెత్తగా ఆ మీటను పట్టుకొని తిప్పుతున్నాడు. చిన్నప్పుడు ఆమె వేలిని తన వేలి కింద పెట్టుకొని అట్లాగే తిప్పించేవాడు. "మెల్లగ, బిడ్డా, మెల్లగ. గొంతుక బెదరుతది" అనేవాడు. ఆమెకు హిందీ వచ్చింది ఆ రేడియోలోనుంచే. బడిలోనుంచి కాదు, బడికి పంతులు వచ్చిన రోజులు తక్కువ. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన చోట కూడా చెప్పలేదు. తీరిక వేళల్లో ఏం చేస్తావమ్మా అని అడిగితే బ్యాడ్మింటన్ అన్నది.

బ్యాడ్మింటన్! ఆ బ్యాటును ఆమె గీదంలోని హాస్టలు మెట్ల మీద ఒక్కసారి పట్టుకుంది. పట్టుకొని ఫొటో దిగి, ఎవరిదో వారికి తిరిగి ఇచ్చేసింది. అడిగినవాడు కిషోర్ అనే యువకుడు, రేడియో మనిషి, నురుగు టోపీ తొడిగిన మైకును పువ్వులా చేతబట్టుకొని హాస్టలుకు వచ్చాడు. అడవి పల్లెల నుంచి వచ్చి కాలేజీలో చదువుకునే పిల్లల మనసులో మాటలు కావాలట: దేవుణ్ణి నమ్ముతారా, ఇంట్లో వాళ్ళు ఎటువంటివారు, చదువు ఎట్లా సాగుతోంది, సరదాలేమిటి. హిందీ తడబడనివాళ్ళను వార్డెన్ ఏరి కూర్చోబెట్టింది. మిగిలిన పిల్లలు గడప దగ్గర గుమిగూడి చూస్తూంటే లలితకు తన గొంతు తనకే కొత్తగా, ఇస్త్రీ చేసిన గొంతులా వినిపించింది. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి నాలుగు మాటలు చెప్పింది. "చాలా మాట్లాడావు, మంచిదే, మేము సర్దుకుంటాం" అని కిషోర్ నవ్వాడు. ఆ నవ్వును మెప్పు అనుకొని ఆ రోజంతా మోసుకు తిరిగింది. ఇప్పుడు అదే నవ్వు, పందిరి నీడలో, నలుగురి మధ్య, గొంతులో ఇరుక్కున్న చేపముల్లులా ఉంది.

"ఇదేనా? గిది నీ గొంతేనా?" అవ్వ చాప మీద ముందుకు జరిగింది.

"కాదవ్వా. వార్తలు."

"ఆడిపిల్ల గొంతే గద?"

"వార్తలు చదివే ఆమె."

"ఎవరి బిడ్డో పాపం, గంత తొందరేంది? ఎనకనుంచి ఎవరన్న తరుముతున్నరా?"

అందరూ నవ్వారు. నాన్న అందరికన్న గట్టిగా నవ్వాడు. ఈ పూట ఆయన ఏ మాటకైనా నవ్వుతాడు. నిన్న ఆవపల్లిలో బస్సు దిగిన కూతుర్ని సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని వస్తూ, ఎదురైన ప్రతి మనిషి దగ్గరా సైకిలు ఆపి, "రేపు మాపటేళ మా లలిత రేడియోల మాట్లాడ్తది" అని చెప్పాడు. చేపలు పట్టేవాళ్ళకు చెప్పాడు, కట్టెలమోపులతో పోయే ఆడవాళ్ళకు చెప్పాడు, చెవుడున్న ముసలాయనకు రెండుసార్లు అరిచి చెప్పాడు. వెనుక కూర్చున్న లలిత ఆ చెమటపట్టిన చొక్కా వీపును చూస్తూ, ఈ మనిషికి ఇప్పుడే, ఈ దారిలోనే, ఎవరూ లేని చోట చెప్పేస్తే సరిపోతుంది అనుకుంది. చెలమ దగ్గర చెప్పాలనుకుంది. చెలమ దాటాక దిబ్బ దగ్గర అనుకుంది. దిబ్బ దగ్గర ఆయన తనంతట తానే వెనక్కి తిరిగి, "బిడ్డా, మీ సిన్నమ్మ సంగతి ఏం అడగకు. ఎల్లుండి పండుం అయ్యేదాంక ఆమెతోని మాట పెట్టుకోకు. ఊరి కట్టు" అన్నాడు. దిబ్బ కూడా దాటిపోయింది.

గుంజకు ఇవతల చాపలు, మనుషులు, నవ్వు. గుంజకు అవతల కోసి. లలిత చిన్నాన్న హుంగా భార్య ఆమె. పుట్టిల్లు తోంగ్‌పాల్ అవతల ఒక పల్లె. ఇక్కడి మాట పెళ్ళయి వచ్చాకే నేర్చుకుంది, ఇప్పటికీ కోపం వస్తే పాత మాటే ముందు వస్తుంది. చిన్నాన్న బోరుబండి వెంట దూరదేశం పోయి ఎవరి పొలాల్లోనో నేలలోకి గొట్టాలు దించుతున్నాడు, వానలకు ముందు రాడు. మగడు దగ్గర లేని ఆడది, బయటి ఊరి పిల్ల. తప్పు మోయించడానికి ఊరికి ఇంతకన్న అనువైన భుజం దొరకదు. ఆమె ఒళ్ళో అడ్డాకులు, పళ్ళ మధ్య వెదురుపుల్ల. ఆకు మీద ఆకు పేర్చి, పుల్ల గుచ్చి, తుంచి, మళ్ళీ గుచ్చి రేపటి మామిడి పండుముకు విస్తళ్ళు కుడుతోంది. తొలి మామిడికాయను తల్లికి పెట్టి, ఆ తరువాత ఊరంతా ఒక్క బంతిన కూర్చొని నోట పెట్టుకునే ఆ పండుగలో ఆమెకు విస్తరి లేదు. తెల్లవారగానే ఊరి పొలిమేర దాటి కూర్చోవాలి, అందరూ తిని లేచాక రావాలి. ఆమె చేతి నీళ్ళు పనికిరావు, ఆమె ఏరిన ఇప్పపువ్వు ఇంటివాళ్ళ కుప్పలో కలవరాదు, కాని ఆమె చేతి విస్తళ్ళు మాత్రం పనికివస్తాయి. న్యాయం అనే మాట ఎప్పుడైనా ఎత్తవలసివస్తే ఇక్కడే ఎత్తాలి. ఎత్తడానికి తగిన చదువూ, ఊరు చెవి ఒగ్గే నోరూ ఈ పందిరి కింద ఒక్క మనిషికే ఉన్నాయి. ఆ మనిషి మోకాళ్ళు చుట్టుకొని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని కూర్చుంది.

ఒక్క కాయ. అది కూడా పూర్తిగా తినలేదు. హోలీ సెలవులకు వచ్చినప్పుడు నాన్న ఎదురు రాలేదు, బస్సు దిగి ఒంటరిగా నడిచింది, ఎండ మాడ్చేస్తోంది, చేను గట్టు మీది చెట్టుకొమ్మ చేతికందేటంత కిందికి వంగి ఉంది. సంచిలో ఉప్పూకారం పొట్లం ఉంది. గీదంలో హాస్టలు పిల్లలు బస్టాండు దగ్గర పచ్చిమామిడి ముక్కలు కొనుక్కొని చప్పరిస్తుంటే, "నాకు పడదు, కడుపులో నొప్పి" అని ఆమె తప్పుకునేది. పండుం కాకముందు మేము తినము అని చెప్పడానికి సిగ్గు. ఆ సిగ్గును దాచుకోవడానికే ఒక రోజు ఉప్పూకారం పొట్లం తాను కూడా కొని, సంచిలో పడేసింది. అక్కడ తిననందుకు సిగ్గుపడిన మనిషి ఇక్కడ ఎవరూ చూడకుండా తిన్నది. పులుపు చెవుల వెనుకదాకా పాకింది. లోపలి జీడి ఇంకా టెంకకట్టలేదు, తెల్లగా, గడ్డకట్టిన పాలలా ఉంది. పన్ను తగిలి చీలింది. తింటూ నడిచి ఇళ్ళ దగ్గరికి వచ్చేసింది. ఎవరిదో దగ్గు వినబడింది. చేతిలోది విసిరేసింది. ఎవరి కంచె అని చూసి విసరలేదు. ఈ మాట ఆమె తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. చెప్పుకున్నప్పుడల్లా చెయ్యి ఆ విసురును గుర్తుచేస్తుంది: తమ కంచె కుడివైపున ఉంది, చెయ్యి ఎడమవైపుకు పోయింది.

మరునాటికి రాళ్ళవాన. నేల రాలవలసిన ఇప్పపువ్వు మొగ్గలోనే నలిగిపోయింది, ఇళ్ళ పెంకులు పగిలాయి, మామిడిపిందెలు చెట్ల కింద చాపలు పరిచినట్టు పడ్డాయి. ఏడాది పొడవునా ఉప్పుకూ నూనెకూ ఆ ఇప్పపువ్వే ఆధారమైన ఊరు అది. ఏడ్చే ఊరు కారణం అడుగుతుంది. కోసి కంచె మూలన, చూరు నీడన, వానకు ముందే ఎండి నల్లబడిన జీడిముక్క దొరికింది. పంటి గుర్తు దాని మీద అచ్చుగుద్దినట్టు ఉంది. పెద్దలు ఈ పందిరి కిందనే కూర్చున్నారు. కోసి నిలబడింది. "నేను తినలె" అన్నది. అంతకన్న పెద్ద మాట ఆమెకు ఇక్కడి భాషలో దొరకలేదు. "మరి నీ కంచెలకెట్ల వచ్చె? రెక్కలు మొలిచి ఎగిరొచ్చెనా?" అని ఎవరో అన్నారు, ఇంకెవరో నవ్వారు. వడ్డె మంగు నవ్వలేదు. ఆయన అందరి ముఖాలూ ఒకటొకటిగా చూస్తూ, "ఎవరికన్న ఎర్క ఉంటె జెప్పున్రి. ఒకరి పాపం ఒకరికి జుట్టొద్దు" అన్నాడు. ఆ చూపు లలిత మీదికి వచ్చింది, ఆగలేదు, దాటిపోయింది. చదువుకునే పిల్ల, తాను మీట తిప్పడం నేర్పిన పిల్ల, ఆ ముఖం మీద ఆగవలసిన పని ఆయనకు కనబడలేదు. ఆ చూపు తనను నమ్మి దాటిపోయిందని తెలిసిన క్షణంలో లలిత లేచి ఉండాలి. లేవలేదు. లేవకపోవడానికి ఒక అందమైన కారణం దొరికింది: రాళ్ళవాన మేఘాల వల్ల వస్తుంది, మామిడికాయ వల్ల రాదు. పైన చలిగాలి, కింద వేడిగాలి, పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. లేని నేరాన్ని ఒప్పుకోవడం ఏమిటి? ఒప్పుకుంటే మూఢనమ్మకాన్ని ఒప్పుకున్నట్టు కాదా? సైన్సు ఆమె నోటికి తాళం వేసింది. కాదు, సైన్సుకు ఏ పాపమూ తెలియదు, ఆమే దాన్ని తెచ్చి తన నోటి ముందు నిలబెట్టి, దాని వెనుక నక్కింది. దేవత కోపం అబద్ధమే కావచ్చు. పొలిమేర అవతల కోసి కూర్చోవలసిన రాయి అబద్ధం కాదు.

ఆ కట్టు కూడా అంత తెలివితక్కువది కాదు. చిన్నప్పుడు అవ్వ చెప్పేది: "కాయ చెట్టుది గాదు, కోసినోనిది గాదు. ఊళ్ళె ముసలిముతక నోటికి గూడ అందిననాడే అది కాయ. అంతదాంక పిందె." బలమున్నవాడు ముందు తినేయకుండా, కాయ ముదిరి టెంక గట్టిపడేదాకా చెట్టును చెట్టుగా ఉండనిచ్చే ధర్మం అది. ఆ ధర్మంలో ఇంత నీతి ఉంది, దానికే కోసి గొంతు వినే చెవి లేదు. ఈ రెండూ కలిపి కిషోర్‌కు చెప్పి ఉంటే ఎంత గొప్ప జవాబు అయ్యేది! ఆ జవాబు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచినదాన్ని తీసుకుపోయి ఏ మైకు ముందు పెట్టాలి?

తప్పు తీర్చడానికి కోసి తన పొడల పెట్టను ఇచ్చింది. గుడ్లు పెట్టే పెట్ట, పిలిస్తే పరుగెత్తుకొచ్చే పెట్ట. పట్టుకోవడానికి ఎవరూ వెంటపడనక్కరలేకపోయింది. కోసి వాకిట్లో నిలబడి నాలుకతో టిక్కుటిక్కుమని పిలిచింది, అది వచ్చింది, ఎత్తి ఇచ్చేసింది. వండి, ఇంటింటికీ ఆకుదొన్నెలో పంచారు. లలిత ఇంటికీ దొన్నె వచ్చింది. అమ్మ పంచింది. లలిత తిన్నది. వద్దంటే ఎందుకు వద్దంటావని అడుగుతారని తిన్నది. తింటూ, ఉప్పు సరిపోయింది అని మనసులో ఒక మాట పుట్టింది. ఏ దేవుడూ విధించని శిక్ష ఏదైనా ఉంటే అది ఆ మాటే. అప్పటినుంచి ఎప్పుడు అన్నం ముందు కూర్చున్నా, హాస్టలులో చప్పటి పప్పు ముందు కూడా, ఉప్పు సరిపోయింది, ఉప్పు సరిపోయింది అని ఆ మాట తిరుగుతూనే ఉంది.

అయినా గీదం తిరిగి వెళ్ళాక ఆ నోరే మైకు ముందు విప్పారింది. నమ్మకాల సంగతి కిషోర్ అడగగానే లలిత నిటారుగా కూర్చుంది. మా ఊళ్ళో పండుగకు ముందు మామిడికాయ తింటే కీడు అంటారు, నేను పరీక్షించి చూద్దామని తిన్నాను, ఏమీ కాలేదు అన్నది. వార్డెన్ చప్పట్లు కొట్టింది. గడప దగ్గరి పిల్లలు కొట్టారు. ఏమీ కాలేదు! పరీక్షించి చూద్దామని! దాహమేసి తిన్న కాయ మైకు ముందుకు వచ్చేసరికి ప్రయోగమైపోయింది, భయపడి విసిరిన జీడి ధైర్యమైపోయింది, కోసి అసలు లేకుండానే పోయింది. ఆ మాట అంటున్నప్పుడు చొక్కా చేతి కింద, ఎడమ దండకు, పరీక్షల కోసమని వడ్డె మంగు కట్టిన నల్లదారం ఉంది. అది ఎవరికీ కనబడకుండా ఆమె మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టుకొని కూర్చుంది.

"వచ్చింది, వచ్చింది!" నాన్న అరిచాడు. "సప్పుడు జెయ్యకున్రి!"

ఆడగొంతు ఆమె పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. యాలం లలిత. తరువాత వచ్చిన గొంతు సన్నగా, పొడిగా, ఎవరిదో పిల్లదిగా ఉంది. అవ్వ రేడియోను, మనవరాలిని మార్చి మార్చి చూసింది, ఒకే మనిషి రెండు చోట్ల ఉండటం ఆమెకు నచ్చలేదు. "ఏమంటున్నవే? నాకు సమజైతలేదు. మన మాటల జెప్పు" అని మోచేతితో పొడిచింది. మంగు కూడా తల ఊపాడు. సంతలో బేరమాడే హిందీ ఇక్కడ అందరికీ వచ్చు. రేడియో హిందీ వేరు, అది బూట్లు వేసుకొని నడుస్తుంది. దాన్ని పూర్తిగా అర్థం చేసుకోగలిగినవారు ఈ వాకిట్లో ఇద్దరే. ఒకరు లలిత. రెండవవారు గుంజ అవతల పళ్ళ మధ్య పుల్ల పెట్టుకొని ఉన్నారు. ఆశ్రమం బడిలో అయిదో తరగతిదాకా చదివిన కోసి.

లలిత తన మాటలను తానే తర్జుమా చేయసాగింది. హాస్టలు సంగతి చెప్పింది. పొద్దున్నే నీళ్ళ దగ్గర వరస, నాలుగు భాషల పిల్లలు ఒక గదిలో, ప్రయోగశాలలో మొదటిసారి ఉల్లిపొరను అద్దం కింద చూడటం. ఇవన్నీ నిజాలే కనుక సులువుగా వచ్చాయి. తరువాత రేడియో బ్యాడ్మింటన్ అన్నది. లలిత నోరు తెరిచి, "తీరిక దొరికితె మంగు తాత తోని రేడియో ఇంటనని చెప్పిన" అన్నది. ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట! నూనె పూసినట్టు జారింది. మంగు తువ్వాలు కొసతో రేడియో మీది దుమ్ము తుడిచాడు, లేని దుమ్ము, మళ్ళీ మళ్ళీ తుడిచాడు. గుంజ అవతల ఆకు చప్పుడు ఆగింది. కోసి తల ఎత్తి చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు, ఎగతాళి లేదు, ఊరికే తెలుసుకున్న చూపు. ఓహో, నువ్వు ఇట్లా కూడా చేయగలవన్నమాట అన్న చూపు. రాబోయే మామిడికాయను కూడా ఇట్లాగే దాటవేయవచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. కనిపెట్టగల ఒక్క మనిషి నోటికి ఊళ్ళో విలువ లేదు.

రేడియోలోని పిల్ల కుటుంబం గురించి చెబుతోంది. మా ఇంట్లో నాకు అందరికన్న దగ్గరి స్నేహితురాలు మా కోసి పిన్ని, చిన్నప్పుడు వానాకాలంలో వాగు పొంగితే నన్ను భుజాల మీద ఎక్కించుకొని దాటించేది, నేను చదువుకోవాలని అందరికన్న ముందు అన్నది ఆమే. తాను ఈ మాటలు అన్నట్టు లలితకు గుర్తే లేదు. నోరు దానంతట అది చెప్పిన నిజం, అబద్ధాల మధ్య ఎక్కడో దొర్లి వచ్చేసింది.

"ఏమన్నవే? కోసి పేరు ఇనొచ్చింది?" అవ్వ అడిగింది.

లలిత చెప్పింది. మాట మాటా చెప్పింది. చెబుతూంటే ఆ వాగు నీళ్ళ చల్లదనం పాదాలకు తగిలింది; కోసి జుట్టులోని ఇప్పనూనె వాసన, రెండు చేతులతో ఆ నుదురును పట్టుకోవడం, "కండ్లు మూయకు పోరీ, నాకు తొవ్వ కనబడాలె" అని కోసి కింద నుంచి నవ్వడం. అవ్వ ఎటో చూసింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఎవరూ గుంజ వైపు చూడలేదు. ఇక వచ్చేది నమ్మకం. చెప్తాను, ఉన్నదున్నట్టు చెప్తాను, రేడియోలో ఆ మాట రాగానే మన మాటలో పెట్టేస్తాను అనుకుంది. దాపరికం లేదు, పారిపోవడం లేదు, మరమనిషిలా రేడియో చెప్పింది చెప్పడమే. అట్లా అయితే తాను చెప్పినట్టు కాదు, రేడియో చెప్పినట్టు. ఆ వెసులుబాటు కూడా ఆమెకు కనబడింది, కనబడి అసహ్యం వేసింది, అయినా దాన్నే పట్టుకుంది.

నేను సైన్సు విద్యార్థిని, ఏ విషయమైనా పరీక్షించి చూసి నమ్మాలి, అయితే పెద్దలను గౌరవించాలి అన్నది రేడియోలోని పిల్ల. అంతే. ఆ వెంటనే వేణువు, మద్దెల, ఎవరిదో హల్బీ భాషలో పాట.

మామిడికాయ లేదు. సర్దుకుంటాం అన్నాడు కదా, సర్దేశాడు. పాట గంతులు వేస్తూ పందిరంతా తిరుగుతోంది, నాన్న చప్పట్లు కొడుతున్నాడు, ఎవరో లలిత తల నిమిరారు. ఆమె ఒంట్లోని బరువంతా ఒక్కసారిగా కిందికి జారిపోయింది. అది ఎంత తీయని తేలికదనమో, పుట్టాక అంత హాయి ఎరుగదు. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఒక్క ఊపిరి చాలింది. రేపు తెల్లవారగానే కోసి పొలిమేర రాయి మీద కూర్చుంటుంది, కనుక ఈ హాయి. రేడియో చెబుతుందేమో అని వణికినంతసేపూ చెప్పవలసిన భారం రేడియోది. ఇప్పుడు అది ఎవరిది?

"అయిపాయెనా? గంతేనా?" అవ్వ అడిగింది. "ఇంకేమన్లేదా?"

మంగు చెయ్యి మీట మీదికి వెళ్ళింది. పాట ఇంకా వస్తోంది.

"ఇంకొకటి ఉందవ్వా" అన్నది లలిత. తన గొంతు తనకు ఇస్త్రీ లేకుండా, ముడతలతో వినబడింది. "అది రేడియోల రాలె. పండుం గాకముందు కాయ తిన్నది నేను. హోలీకి వచ్చిననాడు. ఆ జీడి నేనే ఇసిరేసిన. సిన్నమ్మ తినలె." ఒక్క క్షణం ఆగి, వదిలేద్దామా అని చూసి, వదలలేదు. "తాతా, ఇందాక రేడియోల నేను నీ పేరు చెప్పలె. అది గూడ అబద్ధం."

"ఏందే? ఏమంటున్నవ్?" నాన్న చేతులు చప్పట్ల మధ్యలో నిలిచిపోయాయి. మంగు మీట తిప్పాడు, ఎప్పటిలాగే మెత్తగా, గొంతు బెదరకుండా. పాట ఆగింది.

"నేను అడిగిననాడు నువ్వు గీడనే కూసుంటివి గద, బిడ్డా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన ముసలి కళ్ళు ఆమె ముఖం మీదికి వచ్చి, ఈసారి దాటిపోకుండా, అక్కడే ఆగాయి.

లలిత లేచింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఆపలేదు. గుంజ దాటి, కోసికి కొంచెం ఎడంగా, ఉత్త నేల మీద కూర్చుంది. ఇక్కడినుంచి పందిరి కింది మనుషులందరి వీపులూ, పక్కలూ కనబడతాయి తప్ప ముఖాలు సరిగా కనబడవు. ఇన్నాళ్ళూ చిన్నమ్మ చూసింది ఇదీ అని తెలిసింది. చాలాసేపటికి అవ్వ ముఖం ఇటు తిప్పి, "కోసీ, ఇట్ల రావే. చాప మీద కూసో" అన్నది.

"పుల్లలు ఇంక అయిపోలె అత్తా" అన్నది కోసి, కదలకుండా.

మరొక విస్తరి పూర్తి అయింది. దాన్ని దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి, లలిత వైపు చూడకుండానే మెల్లగా అన్నది:

"నా పెట్టను నువ్వు గూడ తిన్నవ్ గద."

"తిన్న" అన్నది లలిత.

కోసి జరిగి చోటివ్వలేదు, పొమ్మని అనలేదు. ఇంకొక ఆకు ఒళ్ళోకి తీసుకొని, పళ్ళ మధ్యనుంచి పుల్ల తీసి గుచ్చింది.